లినక్స్‌లో ఎనిమిది పోర్టుల సీరియల్ కార్డు

కార్డు పెట్టాక మూడు నాలుగు పోర్టులే కనిపిస్తే కార్డు పాడైందనుకోకండి. లినక్స్‌లో సీరియల్ పోర్టులను నడిపే 8250 డ్రైవరు కొన్ని పంపిణీల్లో మొదట 4 పోర్టులకే చోటు కేటాయిస్తుంది. లినక్స్ సందేశాలను చూపే డీమెసేజ్ కమాండులో "రిజిస్టర్ చేయలేకపోయాం, ఎర్రర్ -28" అన్న అర్థం వచ్చే వరుస కనిపిస్తే కారణం ఇదే: -28 అంటే చోటు లేదని.

ముందు పీసీఐ కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుతో కార్డు జాబితాలో ఉందో లేదో చూడండి. అక్కడే లేకపోతే స్లాట్ మార్చాలి, డ్రైవరుతో పని లేదు. ఉంటే, డెబియన్‌లో ఈటీసీ కింద డిఫాల్ట్‌లో ఉన్న గ్రబ్ (బూట్ లోడరు) ఫైలు తెరిచి, బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు అందే కమాండ్ లైన్‌కు 8250.ఎన్ఆర్_యూఆర్ట్స్=16 అని చేర్చండి (టైపు చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే). పాత నాలుగూ, కార్డువి ఎనిమిదీ కలిపి 12. 16 ఇస్తే సరిపోతుంది. తర్వాత అప్‌డేట్-గ్రబ్ కమాండు, రీబూట్. కార్డు పోర్టులు సాధారణంగా టీటీవైఎస్4 అనే పేరు నుంచి మొదలవుతాయి.

పోర్టు తెరుచుకున్నా చెత్త అక్షరాలు వస్తున్నాయా? అసలు తలనొప్పి ఇక్కడే. కార్డు వేగాన్ని నిర్ణయించే మామూలు క్రిస్టల్ 1.8432 మెగాహెర్ట్జ్, దాన్ని 16తో భాగిస్తే 115200, అదే మూల బాడ్ (పోర్టు వేగం). కొన్ని కార్డుల్లో 14.7456 ఉంటుంది, అంటే ఎనిమిది రెట్లు. డ్రైవరుకు ఆ సంగతి తెలియకపోతే 9600 అడిగితే 76800 పోతుంది. సెట్‌సీరియల్ కమాండుతో బాడ్_బేస్ 921600 (115200కు ఎనిమిది రెట్లు) అని చెప్పండి. రీబూట్ చేస్తే ఇది పోతుంది, కాబట్టి స్టార్టప్ స్క్రిప్టులో పెట్టండి.

పోర్టు తెరవడానికి అనుమతి లేదంటే యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, మళ్లీ లాగిన్ అవ్వండి. పరీక్షకు తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2, 3 పిన్నులు కలిపి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపేసి మినికామ్ అనే టెర్మినల్ ప్రోగ్రాములో టైపు చేయండి. కొట్టిన అక్షరం తిరిగి కనిపించాలి. వేగం తప్పైనా ఈ పరీక్ష నెగ్గుతుంది, కాబట్టి బాడ్ సంగతి అసలు పరికరంతోనే తేల్చుకోవాలి.