మావారి ప్లాన్‌లో ఇంటి శుభ్రతకు, గడ్డి కోతకు డబ్బు ఎలా చేర్పించానంటే

మేముండేది మెల్‌బోర్న్‌లో. పక్షవాతం వచ్చాక మావారికి ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవారి సాయానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) ప్లాన్ మంజూరైంది కానీ, అందులో ఇల్లు శుభ్రం చేయడానికి, పెరట్లో గడ్డి కోయడానికి డబ్బు లేదు. "ఇంట్లో మీరున్నారు కదా అక్కా, అవి రావు" అంది కాగితాలు చూసే అమ్మాయి. చాలా బాధేసింది. ఆయనకు స్నానం చేయించేది, లేపి కూర్చోబెట్టేది నేనే. నాకూ నడుం నొప్పి.

నిర్ణయం అందిన 3 నెలల్లోపు ఇంటర్నల్ రివ్యూ, అంటే ఆ నిర్ణయాన్ని వాళ్లే మళ్లీ పరిశీలించమని అడగొచ్చు. అడిగాను. పని చేసిందల్లా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసి సాయపడే నిపుణురాలు) రిపోర్టే. ఆవిడ ఇంటికొచ్చి, ఆయన ఒంటిచేత్తో ఏం చేయగలరో స్వయంగా చూశారు. బాత్రూమ్ నేల రుద్దలేరు, గడ్డి కోసే మోవర్ తోయలేరు, ఇదివరకు ఈ పనులు ఆయనే చేసేవారు అని రాశారు. ఏ పనికి ఎన్ని గంటలు కావాలో కూడా వేశారు. ఆ గంటల లెక్క తప్పకుండా అడిగి రాయించుకోండి. నా నడుం గురించి మా డాక్టర్ ఇచ్చిన ఉత్తరం జతచేశాను.

శుభ్రతకు, గడ్డి కోతకు రెండింటికీ డబ్బు వచ్చింది. కొత్త మొక్కలకు, తోట అలంకరణకు మాత్రం ఇవ్వరు. ఇన్‌వాయిస్‌లో శుభ్రత, గడ్డి పని విడివిడిగా వేయించుకోండి, చెల్లింపులో టెన్షన్ ఉండదు.