టీవీ పాటల పోటీలో కటువుగా మాట్లాడే న్యాయనిర్ణేత ముందు పిల్లలను నిలబెట్టే ముందు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి టీవీ పాటల పోటీల ఎంపికలకు హైదరాబాదు వెళ్లే పిల్లలు ఏటా కనిపిస్తూనే ఉంటారు. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి, స్టూడియో బయట గంటల తరబడి వరుసలో నిలబడితే, చివరికి పాడేందుకు దొరికేది నిమిషమో ఒకటిన్నర నిమిషమో. ఆ కాసేపటి కోసం నెలల తరబడి సాధన చేయించే మనం, పాట ముగిశాక న్యాయనిర్ణేత నోటి నుంచి వచ్చే మాటను ఎలా అందుకోవాలో మాత్రం పిల్లలకు చెప్పము. నెల్లూరులో చాలా ఏళ్లుగా పిల్లలకు సంగీతం నేర్పుతున్న నాకు కూడా ఆ సంగతి ఆలస్యంగానే తెలిసింది.

కొన్నేళ్ల క్రితం నా శిష్యురాలు, పన్నెండేళ్ల అమ్మాయి, ఒక ఎంపికలో పాడి నిలబడితే, న్యాయనిర్ణేత ఒకరు "గొంతు ఉంది గానీ బుర్ర లేదు, తాళం ఎక్కడుందో నువ్వెక్కడున్నావో చూసుకో" అన్నారు. ఆ పిల్ల నాలుగు నెలలు పాట జోలికి రాలేదు. తరువాత ఫోనులో తీసుకున్న రికార్డు వింటే, చరణం ఎత్తుగడను అమ్మాయి అర అక్షరం, అంటే తాళంలో అర లెక్క, ముందే అందుకున్నట్టు స్పష్టంగా తెలిసింది. అంటే ఆ వాక్యంలో సగం అవమానం, సగం నిజం. పిల్ల అవమానాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకుంది. నిజం స్టూడియోలోనే ఉండిపోయింది. ఈ రెండింటినీ విడదీయడం నేర్పడమే పెద్దలు చేయవలసిన అసలు పని.

అందుకు ఒక నోటు పుస్తకం చాలు. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ వైపు పాటకు చెందిన మాటలు, కుడి వైపు మనిషికి చెందిన మాటలు రాయించాలి. "శ్రుతి కిందికి జారింది", "పై షడ్జమం అందలేదు", "శ అనవలసిన చోట స అన్నావు", "పంక్తి మధ్యలో ఊపిరి తీసుకున్నావు" అన్నవి ఎంత విసురుగా అన్నా ఎడమ వైపువే. "నీకెందుకమ్మా ఈ పాటలు", "ఆ ముఖమేమిటి", "మీ ఊళ్లో అందరూ ఇలాగే పాడతారా" అన్నవి ఎంత నవ్వుతూ అన్నా కుడి వైపువే. ప్రయాణానికి ముందు ఆ పోటీ పాత భాగాలు నాలుగైదు చూపించి, న్యాయనిర్ణేతలు ఇతరులతో అన్న మాటలను ఇలా విడదీయిస్తే, పదేళ్ల పిల్లలు కూడా రెండు రోజుల్లో ఈ పని నేర్చుకుంటారు. ఎడమ వైపు రాసుకున్నవే మరునాటి సాధనలో పాఠాలవుతాయి. కుడి వైపు మాటలను మళ్లీ చదవనవసరం లేదు.

ఏ వైపూ ఇమడని మాటలు కొన్ని ఉంటాయి. "ఫీల్ లేదు" అన్నది వాటిలో మొదటిది. అటువంటప్పుడు పిల్లలు ఒకే ఒక ప్రశ్న, వినయంగా, అడగవచ్చు: "ఏ పంక్తిలో సార్?" చెప్పగలిగినవారు వెంటనే ఆ పంక్తిని పాడి చూపిస్తారు. చెప్పలేనివారు మాట మారుస్తారు, అప్పుడు ఆ వ్యాఖ్యకు ఎంత విలువ ఇవ్వాలో పిల్లలకే తెలుస్తుంది. రెండో ప్రశ్న మాత్రం వేయకూడదు, అది వాదనలా వినిపిస్తుంది.

కటువుతనమే నిక్కచ్చితనమని కొందరు తల్లిదండ్రులు నమ్ముతారు. నేను ఒప్పుకోను. 2001లో బ్రిటన్‌లో మొదలైన పాప్ ఐడల్, 2002లో వచ్చిన అమెరికన్ ఐడల్ పోటీల్లో న్యాయనిర్ణేత సైమన్ కోవెల్ నిర్మొహమాటపు విసుర్లు ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి. 2004లో ఇండియన్ ఐడల్ మొదలైనప్పుడు పోటీ పద్ధతితో పాటు ఆ ధోరణి కూడా మన దేశంలోకి వచ్చింది. తెలుగులో అంతకు ముందే, 1996లోనే, ఈటీవీలో పాడుతా తీయగా మొదలైంది. ఒకప్పుడు నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు అందులో ఉచ్చారణ దోషాన్ని ఒక్కదాన్నీ వదిలేవారు కారు. కానీ తప్పు చెప్పి ఊరుకోక, ఆ ముక్కను తాము పాడి వినిపించి, కవి ఆ పదం ఎందుకు వేశాడో కూడా చెప్పేవారు. దిద్దుబాటుకు అంతకన్నా మంచి నమూనా నాకు తెలియదు. ఆయన కుర్రవాడిగా గూడూరులో ఒక పోటీలో పాడి రెండో బహుమతి తెచ్చుకున్నప్పుడు, మొదటిది ఈ అబ్బాయికే రావలసిందని ఎస్. జానకి గారు వేదిక మీదే అన్నారని ఆయనే చాలా సార్లు చెప్పుకున్నారు. ఈ ముచ్చట పిల్లలకు చెప్పండి. నిర్ణేతల లెక్క కూడా తప్పవచ్చునని వాళ్లకు తెలియాలి.

సాధన విషయంలో ఎక్కువ చెప్పను. పిల్లలకు తమ శ్రుతి ఏదో నోటికి రావాలి, స్టూడియోలో అడిగితే తడుముకోకూడదు. తంబురాతోనూ, అది లేకుండానూ పాడించాలి. వారానికి ఒకసారి, బంధువుల్లో కాస్త గట్టిగా మాట్లాడేవారిని కుర్చీలో కూర్చోబెట్టి, పాట మధ్యలో ఆపించి, తప్పులు చెప్పించండి. అయితే ఒంటి రంగు, లావు, కులం, ఇంటి స్థితి గురించి ఒక్క మాట కూడా రాకూడదని ఆయనకు ముందే చెప్పండి. వినాయక చవితి పందిట్లో, త్యాగరాజ ఆరాధనల్లో పాడించినా ఈ అలవాటు వస్తుంది. ఊరి పందిట్లో వెనక వరుస వాళ్లు న్యాయనిర్ణేతల కన్నా నిర్దాక్షిణ్యంగా ఉంటారు.

వేదిక మీద మాట పడినప్పుడు చేయవలసినవి కొద్దివే. మైకును కాస్త దించి, ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకుని, వ్యాఖ్య పూర్తయ్యే దాకా విని, నమస్కరించి వెనుదిరగాలి. దొంగ నవ్వు నవ్వవద్దు. కన్నీళ్లు వస్తే రానివ్వవచ్చు, అందులో తప్పేమీ లేదు. కెమెరా వెంటనే ప్రేక్షకుల్లో ఉన్న అమ్మ వైపు తిరుగుతుందని గుర్తుంచుకోండి. ఆ తల్లి ముఖంలో కోపమో ఏడుపో కనిపిస్తే, ప్రసారంలో మిగిలేది అదే. పది నిమిషాల సంభాషణ కూర్పులో అర నిమిషమవుతుంది, ఆ అర నిమిషంలో ఏది ఉంచాలో మన చేతిలో ఉండదు. కాబట్టి వాళ్లకు పనికొచ్చే ముక్క మనం ఇవ్వకుండా ఉండటమే మేలు.

సంతకం పెట్టే ముందు పత్రాలు పూర్తిగా చదవండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల విషయంలో, 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం, వారిని రోజుకు 5 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకు మించి చిత్రీకరణలో ఉంచకూడదు. ఇష్టం లేకుండా పాల్గొనేటట్టు చేయకూడదు. వారికి వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం వారి పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. పిల్లలను కించపరిచే ప్రసారాలు కేబుల్ టీవీ కార్యక్రమ నియమావళికి విరుద్ధం. ప్రసారంలో అటువంటిది కనిపిస్తే, తేదీ, సమయం, అన్న మాటలు యథాతథంగా రాసి, ముందు ఛానెల్ ఫిర్యాదుల అధికారికి పంపాలి. కేబుల్ టీవీ నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం వారు 15 రోజుల్లో తేల్చాలి. అక్కడ సంతృప్తి కలగకపోతే ఛానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. ఫిర్యాదులో "మా పాప బాగా పాడింది" అని రాయవద్దు. అది ఎడమ వైపు సంగతి. ఫిర్యాదులో కుడి వైపు మాటలే ఉండాలి.

తిరుగు ప్రయాణంలో పాట గురించి మాట్లాడకండి. పిల్ల ఆకలిగా ఉంటుంది, ముందు అన్నం పెట్టించండి. ఒంగోలు దాటే వేళకు తనే ఆ మాట ఎత్తుతుంది. ఎత్తితే నోటు పుస్తకం ఇవ్వండి, లేకపోతే నిద్రపోనివ్వండి. ప్రసారమయ్యే రోజున బంధువులందరినీ పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టే ఆలోచన మానుకుని, ముందు ఇంట్లోవాళ్లే చూడండి. నా ఆ శిష్యురాలు మళ్లీ పాటకు వచ్చిన రోజున ఆ పాత చరణాన్నే ఎత్తుకుంది. తాళం వేస్తూ, ఎత్తుగడ దగ్గర అర అక్షరం ఆగి, నా వైపు చూసింది.