నడక మధ్యలో మానేయకుండా ఉండాలంటే అలారం తిరుగుముఖానికి పెట్టుకోండి

సోమవారం హుషారుగా గంటసేపు నడవడం, మంగళవారం పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోవడం, బుధవారానికల్లా బూట్లు మంచం కిందకు చేరడం. ఇలా ఎన్నిసార్లు మొదలుపెట్టి మానేశానో లెక్క లేదు.

ఈసారి కనీసం ఎంత నడవాలో కాకుండా, ఎంత దాటకూడదో ముందు నిర్ణయించుకున్నాను. మొదటి రెండు వారాలు మొత్తం 14 నిమిషాలే. గుమ్మం దాటగానే ఫోనులో 7 నిమిషాలకు అలారం పెట్టి, అది మోగిన చోటే వెనక్కి తిరగాలి. ఎంత ఓపిక మిగిలినా తిరగాల్సిందే. కిటుకంతా అక్కడే ఉంది. "అరె, ఇంకాస్త నడిస్తే బాగుండేది" అనుకుంటూ ఇంటికి వస్తే మరునాడు బూట్లు తొడుక్కోవడానికి బద్ధకం వేయదు. తరవాత ప్రతి వారం అలారాన్ని 2 నిమిషాలు పెంచుతూ 15 దగ్గర ఆపేశాను. అంటే రానూపోనూ అరగంట. కాస్త వేగంగా ఐదు రోజులు నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు కనీసంగా చెప్పే వారానికి 150 నిమిషాలు పూర్తవుతాయి.

తీరిక లేని రోజున 5 నిమిషాలు నడిచినా చాలు.

ఒక్క జాగ్రత్త: తప్పిన రోజును మర్నాడు రెట్టింపు నడిచి పూడ్చబోతే కథ మళ్లీ మంగళవారం పిక్కల దగ్గరికే వస్తుంది. తప్పింది తప్పినట్టే వదిలేయాలి. జ్వరంగా ఉన్నా, మోకాలు నొప్పిగా ఉన్నా ఆ 5 నిమిషాలు కూడా వద్దు.

ఆఫీసు పనికీ ఇలాగే అలారం పెట్టి చూశాను. అక్కడ మాత్రం మోగాక ఆపేసేది అలారాన్నే, పనిని కాదు.