గేమ్ మధ్యమధ్యలో ఆగుతుంటే: షేడర్ క్యాష్‌తో నా అనుభవం

నా పీసీలో ఒక గేమ్ సెకనుకు 60 ఫ్రేములతో హాయిగా నడిచేది. కానీ కొత్త ప్రదేశంలో అడుగుపెట్టినా, కొత్త రకం పేలుడు కనిపించినా ఒక్క క్షణం ఆగిపోయేది. అదే చోటికి మళ్లీ వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. మొదటిసారి మాత్రమే ఆగుతోందంటే గ్రాఫిక్స్ కార్డు శక్తి చాలక కాదు, షేడర్లు (తెరపై రంగు, వెలుగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ అవుతున్నాయన్నమాట, అంటే కార్డుకు అర్థమయ్యే కోడ్‌గా మారుతున్నాయి.

2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, 2016లో వచ్చిన వల్కన్ అనేవి గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే ఇంటర్‌ఫేస్‌లు. ఇవి అంతకుముందు డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) చూసుకున్న పనిని చాలావరకు గేమ్ రాసేవాళ్లకే అప్పగించాయి. షేడర్లు, బ్లెండింగ్, డెప్త్ సెట్టింగులు అన్నీ కలిపి ఒక పైప్‌లైన్‌గా ముందే సిద్ధం చేసుకోవాలి. అలా చేయకపోతే విస్తరి వేశాక కూరలు తరిగినట్టే. అయినా ప్రాసెసర్ భారాన్ని బాగా తగ్గించగల ఈ కొత్త పద్ధతి నాకెంతో ఇష్టం. అందుకే ఈ గేమ్‌ని వదలాలనిపించలేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగుల్లో షేడర్ క్యాష్ (ఒకసారి కంపైల్ అయిన షేడర్లను మళ్లీ వాడుకోవడానికి డిస్క్‌లో దాచే చోటు) పరిమితిని 10 జీబీకి పెంచాను. డిస్క్ క్లీనప్‌లో డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్ దగ్గర టిక్ తీసేశాను, లేకపోతే శుభ్రం చేసిన ప్రతిసారీ అదీ పోతుంది. డ్రైవర్ అప్‌డేట్ అయితే పాత క్యాష్ సాధారణంగా పనికిరాదు. కాబట్టి మెనూలో కంపైల్ బార్ పూర్తయ్యేదాకా ఆగి, తర్వాతే ఆట మొదలుపెడుతున్నాను.

ఆగడం దాదాపు పోయింది. మీకు తగ్గకపోతే, గేమ్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఆప్షన్ ఉందేమో చూసి, ఒకసారి దాంతో ఆడి చూడండి.