చర్చిలో ప్రార్థన లేని పెళ్లి ఎలా చేసుకోవాలి?

అమ్మాయి వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. అబ్బాయి వాళ్లు సింహాచలం అప్పన్న భక్తులు. పెళ్లి చేసుకునే ఇద్దరికీ ఏ దేవుడితోనూ పని లేదు. అయినా అమ్మాయి అమ్మమ్మ తను పెళ్లాడిన చర్చిలోనే మనవరాలి పెళ్లి చూడాలంటుంది. విశాఖలో దండల పెళ్లిళ్లు నడిపించే నా దగ్గరికి ఇలాంటి జంటలు తరచూ వస్తుంటాయి. చాలామంది అప్పటికే పని చెడగొట్టుకుని వస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రిజిస్ట్రార్ ఆఫీసు

చర్చిలో దండలు మార్చుకున్నంత మాత్రాన చట్టం దృష్టిలో పెళ్లయిపోదు. మీకు కావలసింది మతంతో పని లేకుండా పెళ్లాడనిచ్చే 1954 ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. పెళ్లి చేసుకుంటామని రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. సబ్బవరంలో ఉంటూ విశాఖలో నోటీసు ఇస్తామని వచ్చేవాళ్లున్నారు. బాబూ, 2022 ఏప్రిల్ 4 నుంచి మీది అనకాపల్లి జిల్లా. నోటీసు అంటించాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే అది మురిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. కాబట్టి అనుకున్న తేదీకి రెండు నెలల ముందు ఇవ్వండి.

అధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల ముందు, ‘నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా (భర్తగా) స్వీకరిస్తున్నాను’ అని ఒకరితో ఒకరు అనాలి. ఈ ఒక్క మాట తప్పనిసరి. మిగతా తంతు మీకు నచ్చినట్టు జరుపుకోవచ్చని చట్టమే చెబుతోంది. అదనపు రుసుము కడితే అధికారి దగ్గరలోని వేరే చోటికి వచ్చే వీలు కూడా ఉంది. నేను మాత్రం ఎప్పుడూ పొద్దున ఆఫీసులో సంతకాలు, సాయంత్రం దండలు. ఆయన బండి ఎక్కడుందో అని టెన్షన్ పడుతూ దండలు పట్టుకుని నిలబడే ఓపిక నాకు లేదు.

ఇంకొకటి. 1872 క్రైస్తవ వివాహ చట్టం వేరు. దానికి ఇద్దరిలో ఒకరైనా క్రైస్తవులై ఉండాలి, అది చర్చి రిజిస్టర్‌లోకి ఎక్కే పెళ్లి. ప్రార్థన వద్దనుకున్నవాళ్లు ఆ రిజిస్టర్ జోలికి పోవద్దు. అదే 1872లో సివిల్ పెళ్లికీ ఒక చట్టం వచ్చింది కానీ, దాని కింద పెళ్లాడాలంటే నేను హిందువును కాను, క్రైస్తవుణ్ణి కాను, ముస్లింను కాను అంటూ ఒక్కొక్క మతాన్నీ కాదని రాసివ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ‘మా మతం వదులుకోవాలా?’ అని ఇంట్లో ఏడుపులు మొదలైతే ఈ ముక్క చెప్పండి.

తేదీ

మీకు ముహూర్తంతో పని లేదు కాబట్టి ఆషాఢంలో పెట్టుకోండి. ఫోటోగ్రాఫర్ ఖాళీగా ఉంటాడు, వంటవాళ్లు బేరానికి దిగుతారు. కానీ చర్చికీ ఒక పంచాంగం ఉంది. ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలం, డిసెంబరు, ఏ ఆదివారమైనా సరే, అడగనే వద్దు. అక్టోబరు నేను ఒప్పుకోను. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరు 12న. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ ఆ నెలలో షామియానా వేయరు.

ఫాదర్ గారిని అడగడం

అసలు చిక్కంతా ఇక్కడే. చర్చి ఫంక్షన్ హాలు కాదు. కేథలిక్ గుడి ప్రతిష్ఠ జరిగిన స్థలం. అక్కడ ఆరాధనకు సంబంధించిన పనులే జరగాలని వాళ్ల కానన్ చట్టం, అంటే కేథలిక్ చర్చి సొంత చట్టం, 1210వ నిబంధన చెబుతుంది. పవిత్రతకు భంగం కాని ఇంకో పనికి, ఆ ఒక్కసారికి, అనుమతించే అధికారం పైవాళ్లది, అంటే ఇక్కడ ఆర్చిబిషప్ గారిది. మీ ఎదురుగా కూర్చున్న విచారణ గురువుకు, అంటే ఆ చర్చి ఫాదర్ గారికి, సరే అనాలని ఉన్నా సొంతంగా అనలేరు. బాప్టిస్టు, లూథరన్ చర్చిలైతే పాస్టర్ గారి వెనక సంఘం కమిటీ ఉంటుంది. అక్కడ ఇంకో పదిమందిని ఒప్పించాలి.

అందుకే బలిపీఠం ముందు చోటు అడగొద్దు. ఆవరణలోని పారిష్ హాలు (చర్చి వాళ్ల సమావేశాల హాలు) అడగండి, లేదంటే స్కూలు చాపెల్, అంటే స్కూల్లోని చిన్న ప్రార్థన గది. చాపెల్‌లో దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా భావించే అప్పం) ఉంచితే అదీ కుదరదంటారు, వాదించకండి. ఫోటోలు బాగా వస్తాయని రాస్ హిల్ మీద మేరీమాత గుడి కావాలని కొందరు పట్టుబడతారు. పోర్టు పక్కన ఆ కొండ, దాని పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అక్కడికి జనం మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. మీ డ్రోన్ కోసం వాళ్లని పక్కకి జరగమంటారా?

వారం మధ్యలో, పొద్దున పూజ అయ్యాక వెళ్లండి. పెళ్లి చేసుకునే ఇద్దరే వెళ్లండి. ఈవెంట్ మేనేజర్‌ని పంపితే అద్దె ఎంత అని మొదలుపెడతాడు, అక్కడితో సరి. కూర్చోగానే మొదటి మాట ఇదే కావాలి: ‘ఫాదర్ గారూ, మా పెళ్లిలో ప్రార్థన ఉండదు. అది ముందే చెప్పి, చోటిస్తారేమో అడుగుదామని వచ్చాం.’ ఆ తర్వాతే అమ్మమ్మ సంగతి. ఎవరు ఏం మాట్లాడతారో, ఏ పాట వేస్తారో ఒక పేజీలో రాసి చేతికివ్వండి.

‘అప్పటికప్పుడు సర్దుకుంటారులే’ అని ప్రార్థన ఉండదన్న మాట దాచిన జంట ఒకటి నాకు తగిలింది. ఆ సాయంత్రం ఫాదర్ గారు తెల్ల అంగీ వేసుకుని, బైబిల్లో గుర్తు పెట్టిన పేజీ మీద వేలుంచి, నవ్వుతూ ‘వాక్యం ఎవరు చదువుతారమ్మా?’ అని అడిగారు. పెళ్లికూతురు నా వైపు చూసింది. నేను చేతిలో మైకు వైపు చూసుకున్నాను. వెనక బెంచీలోంచి ఎవరో పెద్దాయన, ‘ఏటిది, ప్రార్థన చెయ్యరేటి?’ అన్నాడు పైకే. ఫాదర్ గారు పుస్తకం మూసి పక్క తలుపులోంచి వెళ్లిపోయారు. ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది. తర్వాత ఆ ఆవరణలో ఇంకో జంట కోసం అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

కాదన్నారనుకోండి. దండం పెట్టి, ‘పెళ్లయ్యాక అమ్మమ్మని తీసుకుని లోపలికొచ్చి ఐదు నిమిషాలు కూర్చోవచ్చా?’ అని అడగండి. ఇప్పటిదాకా నాకు ఎవరూ వద్దనలేదు. చాలాసార్లు అమ్మమ్మకి అదే సరిపోయింది.

ఆ రోజు

కార్యక్రమం 35 నిమిషాలు దాటకూడదు. స్వాగతం, ఇద్దరు పెద్దల మాటలు (మనిషికి మూడు నిమిషాలు, రాజకీయ నాయకులైతే అసలు వద్దు), వాగ్దానాలు, దండలు, అయిపోయింది. వాగ్దానాలు కాగితం మీద చేత్తో రాసుకోండి. ఫోన్ చూసి చదివితే సరిగ్గా అప్పుడే ఎవరో కాల్ చేస్తారు. అవి ఒకళ్లతో ఒకళ్లు చెప్పుకునే మాటలు, మైకు కోసం గొంతు మార్చొద్దు. డీజే లేదు.

ఫంక్షన్ హాల్లో ఇదే చేస్తే ఏమవుతుందో తెలుసా? ‘నిన్ను’ అనగానే వెనక ప్లేట్ల మోత, ‘స్వీకరిస్తున్నాను’ అనేసరికి బిర్యానీ దగ్గర లైను. బెంచీలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్న గదిలో జనం వద్దన్నా వింటారు. చాపెల్ కోసం ఇంత తిప్పలు పడేది ఇందుకే.

సామాను పెద్దగా లేదు: పూర్ణా మార్కెట్లో ముందురోజు చెప్పిన రెండు దండలు, చేతి మైకు ఒకటి, దానికి అదనపు బ్యాటరీలు, వేసవైతే రెండు పెడస్టల్ ఫ్యాన్లు. కొవ్వొత్తులు వద్దు, ఆ ఫ్యాన్ల గాలికి నిలవవు.

అయ్యాక పూలరేకులు మీరే ఊడ్చి, బెంచీలు ఉన్నచోట పెట్టి, గేటు తీసినాయన చేతిలో ఒక కవరు పెట్టి రండి. తాళం ఎవరికివ్వాలో ముందే కనుక్కోండి. రాత్రి తొమ్మిదింటికి సిస్టర్ల తలుపు కొట్టకూడదు.