ఇంట్లో తాబేలు కదలకుండా కూర్చుంటోందా? మందుకు ముందు నేల ఎంత చల్లగా ఉందో చూడండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండల్లో, అందులోనూ నెల్లూరులో, ఒక తాబేలు చలికి ముడుచుకుపోయి తిండి మానేసిందంటే ఎవరూ నమ్మరు. కానీ నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది ఆ రోజుల్లోనే. "రెండు వారాలుగా తల బయటపెట్టడం లేదు, ఏ మందు వేయమంటారు?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: అది పడుకునే చోట, నేల మీద, ఎన్ని డిగ్రీలు ఉంది? దీనికి అంకెతో జవాబు చెప్పినవారు ఇన్నేళ్ళలో చాలా తక్కువ. "మన ఊళ్ళో చలి ఎక్కడిదండీ" అనేస్తారు. మందులు, టానిక్కులు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక చివరికి థర్మామీటర్ కొంటారు. దయచేసి ఆ వరుసను తిరగేయండి.

ఇక్కడ చెప్పేదంతా సల్కాటా అనే ఆఫ్రికా నేల తాబేలు గురించి. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ పొడి నేలలు దాని సొంత ఊరు. చలికాలమంతా నిద్రపోయే అలవాటు ఈ జాతికి లేదు. కాబట్టి "నిద్రలో ఉందిలే" అనుకుని వదిలేయకండి. మీ దగ్గర ఉన్నదాని కాలివేళ్ళ మధ్య బాతుకు ఉన్నట్టు పొర ఉంటే అది నీటి తాబేలు, దాని పెంపకం వేరు. డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే అది మన మెట్ట పొదల్లోని నక్షత్ర తాబేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం, 2022 సవరణతో అది మొదటి షెడ్యూల్లో చేరింది. అటవీ శాఖకు అప్పగించండి. సల్కాటా పెంచేవారు కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి.

కదలడం లేదు, తినడం లేదు, తాకితే చల్లగా ఉంది

తాబేలుకు సొంత ఒంటివేడి ఉండదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని కడుపు అంతే పనిచేస్తుంది. చల్లబడిన తాబేలుకు ఆకలి వేయదు, బలవంతంగా తినిపించినా అరగదు. లోపల కుళ్ళిపోతుంది. మందులు కూడా ఒంటికి పట్టవు. అందుకే నేల వేడి సరిచూడకుండా చేసే వైద్యం వృథా అని గట్టిగా చెబుతున్నాను.

సల్కాటాకు కావలసింది ఇది. బల్బు కింద ఎండ కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీలు, దాని పక్కన 30, పెట్టెలో చల్లని మూల 26 లేక 27. పిల్ల తాబేలైతే రాత్రి కూడా 26 తగ్గకూడదు.

కొలవడానికి జ్వరం థర్మామీటర్ పనికిరాదు. కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్ కూడా, వస్తువుల వేడి చూపే ఏర్పాటు దానిలో లేకపోతే, పనికిరాదు. అవి మనిషి ఒంటివేడి కోసం చేసినవి. మన జిల్లాలో ఇదేమీ కష్టం కాదు. రొయ్యల చెరువుల సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా నీటి థర్మామీటర్ దొరుకుతుంది. దాన్ని తాబేలు పొట్ట ఆనే చోట నేల మీద పడుకోబెట్టి పావుగంట ఆగి చూడండి. ఇంకా మంచిది, పొడవాటి తీగ చివర కొలిచే ముక్క ఉండి, రాత్రంతా ఎంతకు దిగిందో, ఎంతకు ఎక్కిందో గుర్తుపెట్టుకునే డిజిటల్ రకం. అది ఎందుకు మంచిదో కింద చెబుతాను.

బల్బు ఉందా అని అడిగితే ఉందంటారు. వెళ్ళి చూస్తే ఎల్ఈడీ బల్బు! పాతది కాలిపోతే ఇంట్లో ఎవరో కరెంటు ఆదా అవుతుందని మార్చి ఉంటారు. ఎల్ఈడీ వెలుగునిస్తుంది, వేడినివ్వదు. కోడిపిల్లలకు వాడే గుండు బల్బు గానీ, తాబేళ్ళ కోసమే అమ్మే వేడి బల్బు గానీ పింగాణీ హోల్డర్‌లో పెట్టి గొలుసుతో వేలాడదీయండి. ప్లాస్టిక్ హోల్డర్ కరిగి నిప్పు అంటుకుంటుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా రోజురోజుకూ మందగిస్తోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

మా పెద్ద తాబేలుకు అప్పుడు మూడేళ్ళు. మే నెల చివర్లో తిండి తగ్గించింది. పొద్దున బల్బు కిందికి వచ్చేది కాదు. కళ్ళు సగం మూసుకుని మంచం కింద గోడవైపు తల పెట్టి ఉండేది. బయట 43 డిగ్రీల ఎండ. ఎండదెబ్బే అనుకున్నాను. పగలు కూడా ఏసీ వేసి ఉంచాను, చల్లగా ఉంటే తేరుకుంటుందని. ఇంకా ముడుచుకుపోయింది. ఒక వైద్యుడికి చూపిస్తే ఇన్ఫెక్షన్ అని రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు వేశారు. మూడు వారాల్లో వంద గ్రాములకు పైగా బరువు తగ్గింది.

ఆ తర్వాత ఏసీ చెడిపోయింది. బాగుచేసే మనిషి రెండు రోజులదాకా రాలేదు. మేము ఉక్కపోతతో అల్లాడిపోయాం. రెండో రోజు మధ్యాహ్నం తాబేలు మంచం కింద నుంచి బయటికి వచ్చి, గది అంతా నడిచి, నా చేతిలో గరిక అందుకుని తిన్నది. అప్పుడు గానీ నాకు బుద్ధిలో వెలుగు పడలేదు. ఏసీ బాగయ్యాక థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాను. నా భుజం ఎత్తున 27 డిగ్రీలు. అదే గదిలో మంచం కింద నేల మీద 22.

చల్లగాలి బరువు, అది కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. మనం మంచం మీద రెండడుగుల ఎత్తున హాయిగా పడుకుంటాం, తాబేలు ఆ చల్లటి పొరలో మునిగి ఉంటుంది. దీనికి తోడు నేల. మన ఇళ్ళలో చీమకుర్తి గ్రానైటో, నున్నటి టైల్సో పరుస్తాం. అవి రాత్రంతా చల్లబడి, పైన కూర్చున్నదాని పొట్టలోంచి వేడిని లాగేస్తూనే ఉంటాయి. వట్టి కాళ్ళతో ఆ నేల మీద పది నిమిషాలు నిలబడితే మీకే తెలుస్తుంది.

ఈ కారణం ఎందుకు దొరకదంటే, మనం చూసే వేళకు అది ఉండదు. చలి తెల్లవారుజామున ఉంటుంది, థర్మామీటర్ పెట్టేది పదకొండు గంటలకు. అప్పటికి ఏసీ ఆపి ఉంటాం, గది 29కి వచ్చి ఉంటుంది. అంకె బాగుంది కదా అని జబ్బు కోసం వెతుకుతాం. ఎండాకాలం కావడంతో కర్టెన్లు వేసే ఉంటాయి, రాత్రి చల్లబడ్డ ఒళ్ళు పగలు కూడా పూర్తిగా కాగదు. ఇలా రోజుకు కొంచెం చొప్పున వెనకబడుతుంది. ఒక్క రోజులో పడిపోతే ఎవరికైనా అనుమానం వచ్చేది. మూడు వారాలు పట్టడం వల్ల ఏదో లోపలి జబ్బే అనిపిస్తుంది. తాబేలు హాల్లో ఉంటుంది, ఏసీ పడకగదిలో కదా అనేవాళ్ళకూ ఒక మాట. ఆ తలుపు కింద సందు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. హాల్లో తాబేలు సరిగ్గా ఆ సందుకు ఎదురుగా పడుకోవడం రెండు ఇళ్ళలో నా కళ్ళతో చూశాను.

అందుకే రాత్రంతా కనిష్ఠం, గరిష్ఠం నమోదు చేసే థర్మామీటర్ కొనమంటాను. తీగ చివరను తాబేలు నిజంగా పడుకునే మూలలో పెట్టి, తెల్లవారాక కనిష్ఠం చూడండి. 25 కంటే తక్కువ ఉంటే, జబ్బు కోసం వెతికే ముందు దాన్ని సరిచేయండి.

దిద్దుబాటు ఖరీదైనది కాదు. తాబేలును నేల మీద వదిలేయడం మానండి. అడుగున్నర ఎత్తు గోడలున్న చెక్కపెట్టె చేయించి, కింద ఇటుకలు పెట్టి నేల నుంచి లేపండి. చెక్క గోడ చల్లగాలి పొరను ఆపుతుంది. లోపల నాలుగు అంగుళాల మందాన మట్టి, ఇసుక కలిపి పోయండి. బల్బు కింద ఒక మార్కాపురం పలక రాయి పరవండి. అది వేడిని పట్టి ఉంచుతుంది, నడిచేటప్పుడు గోళ్ళు కూడా అరుగుతాయి. రాయి మీద వేడి 40 దాటకుండా బల్బు ఎత్తు సర్దండి. రాత్రికి వెలుగు లేని సిరామిక్ హీటర్ పెట్టి, ఉష్ణోగ్రతను బట్టి దానంతట అదే ఆగి వెలిగే స్విచ్ తగిలించండి. వీలైతే ఏసీ లేని గదికి మార్చండి, అంతకంటే మేలు లేదు.

చల్లబడిన తాబేలును ఒక్కసారిగా పెద్ద బల్బు కింద పెట్టకండి. ఒక పూట సమయం తీసుకుని నెమ్మదిగా వేడెక్కించండి. తర్వాత గడ్డం ముంచని లోతులో గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచండి. నీళ్ళు తాగుతుంది, మలమూత్రాలు విసర్జిస్తుంది. తిండి రెండో రోజు పెట్టండి. చాలావరకు మూడు నాలుగు రోజుల్లో నడక మొదలవుతుంది.

ఇది చదివి ఎవరూ తాబేలును మే నెలలో మేడ మీద వదలకండి. నీడ లేని మేడ మీద అది గంట కూడా బతకకపోవచ్చు. నోట్లోంచి నురగ వస్తుంటే, కాళ్ళు విదిలిస్తుంటే అది ఎండదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్ళలో ఉంచండి. ఐసు నీళ్ళు వద్దు.

వానాకాలంలో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ముసురు పట్టి కరెంటు పోతే బల్బూ హీటరూ రెండూ పోతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను రోజుల్లో వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి పెట్టె నాలుగు మూలలా పెట్టి, మూడు గంటలకోసారి మారుస్తూ గడిపాను. పెట్టె మీద దుప్పటి కప్పి గాలికి కొంచెం సందు వదలండి.

వెచ్చగానే ఉంది, కానీ కాళ్ళలో బలం లేదు

పొట్ట నేలకు ఈడుస్తూ నడుస్తుంటే, డిప్ప నొక్కితే మెత్తగా లొంగుతుంటే, అది కాల్షియం లోపం. "రోజూ కిటికీ దగ్గర ఎండలోనే పెడుతున్నాం" అంటారు. కిటికీకి అద్దం ఉందా? ఎముకకు కాల్షియం పట్టడానికి కావలసిన డి3 విటమిన్‌ను తయారుచేయించేది ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు. అద్దం వెలుగునూ వేడినీ లోపలికి వదిలి, ఆ కిరణాలను ఆపేస్తుంది. దోమల జాలీ కూడా వాటిలో కొంత భాగాన్ని ఆపుతుంది. పొద్దున ఎండలో అరగంట నేరుగా బయట తిప్పండి. పక్కనే నీడ ఉండాలి, కాకులూ కుక్కలూ రాకుండా మనిషి ఉండాలి. అద్దాల తొట్టెతో సహా ఎండలో పెట్టకండి, నిమిషాల్లో ఉడికిపోతుంది. ఇంట్లో యూవీబీ ట్యూబు వాడేవారు ఏడాదికోసారి మార్చండి. వెలుగు తగ్గకపోయినా కిరణాలు తగ్గిపోతాయి.

తిండి మీకు తెలిసిందే: గరిక ప్రధానం, మందార ఆకులూ పూలూ, ముళ్ళు తీసిన నాగజెముడు, అప్పుడప్పుడూ మునగాకు. టమాటా, దోసకాయ ముక్కల మీద పెంచకండి. పాలకూర, గోంగూర రోజూ వేస్తే వాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని కట్టిపడేస్తుంది. గన్నేరు ఆకు ఒక్కటి కూడా దగ్గరికి రానివ్వకండి. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మే కటిల్‌ఫిష్ ఎముక ఒక ముక్క పెట్టెలో వేసి ఉంచితే, కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది.

మిగతావి

మూత్రాశయంలో రాయి, పేగులో గులకరాయి అడ్డం పడటం, ఆడదానికి గుడ్లు ఇరుక్కోవడం, నులిపురుగులు: ఇవి కూడా కారణాలు కావచ్చు. ఎక్స్‌రే, మల పరీక్ష తేలుస్తాయి. నులిపురుగుల దగ్గర ఒక్క హెచ్చరిక. పశువులకూ కుక్కలకూ మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలు ప్రాణం తీస్తుంది. ఎవరు వేస్తామన్నా ఒప్పుకోకండి.

ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, కళ్ళు వాచి మూసుకుపోవడం, రెండు రోజులు పూర్తిగా వేడిలో ఉంచినా కదలకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపండి. తిరుపతి పశువైద్య కళాశాల గానీ, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల గానీ మనకు ఒక పూట ప్రయాణం. బరువు రాసుకున్న చీటీ, కనిష్ఠ గరిష్ఠ అంకెలు తీసుకెళ్ళండి. అట్టపెట్టెలో మందంగా గుడ్డలు వేసి, పక్కన వేడినీళ్ళ సీసా ఒకటి పెట్టండి. దారి పొడవునా కారులో ఏసీ ఆపి, కిటికీలు తీసుకుని వెళ్ళండి.