రివాల్వర్‌లో ప్రైమర్‌పై (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతపై) దెబ్బ సరిగ్గా పడకపోతే: స్క్రూడ్రైవర్ పట్టే ముందు

ట్రిగ్గర్ నొక్కితే 'క్లిక్' అని ఊరుకుందా? గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తొందరపడి మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగిపోతుంది. అప్పుడు ఆ తూటా బ్యారెల్‌కు ఎదురుగా లేని గదిలో పేలితే చేతికే ప్రమాదం. దయచేసి ఈ ఒక్కటి మరవకండి.

☐ సిలిండర్ తెరిచి అన్ని గదులూ ఖాళీ చేయండి. కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మీరు కూర్చుని పని చేసే గదిలో తూటాలే ఉండకూడదు.

☐ కళ్లద్దాలు. స్ప్రింగులు ఎగిరిపడతాయి.

☐ పేలని తూటాల ప్రైమర్ మీద గుంట చూడండి. అన్నిటిమీదా లోతు తక్కువైతే హ్యామర్‌ను (ప్రైమర్‌ను కొట్టించే సుత్తిని) నెట్టే స్ప్రింగు బలం మీద అనుమానం. ఒకటి రెండే పేలక, రెండో దెబ్బకు పేలితే ప్రైమర్ పూర్తిగా లోపలికి కూర్చోలేదేమో. అలాంటప్పుడు తుపాకీ విప్పక్కర్లేదు.

☐ మీ రివాల్వర్ స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ కె-ఫ్రేమ్ (మధ్య సైజు) అయితే పిడి ముందు వైపు, కింద ఉండే స్ట్రెయిన్ స్క్రూ (ఆ స్ప్రింగును బిగించి ఉంచే మర) పూర్తిగా బిగిసి ఉందో లేదో ముందు చూడండి. ట్రిగ్గర్ తేలిక కావాలని దాన్ని వదులు చేసినవాళ్లు, కొన అరగదీసినవాళ్లు ఉంటారు. జె-ఫ్రేమ్‌లో (చిన్న సైజు) చుట్ట స్ప్రింగు, ఈ స్క్రూ ఉండదు.

☐ సైడ్ ప్లేట్‌ను (లోపలి భాగాలను పక్కనుంచి మూసే రేకును) గుచ్చి లేపకండి, వంగిపోతుంది.

☐ పేలని తూటాలను చెత్తలో వేయకండి, విప్పకండి. షూటింగ్ రేంజ్ వారికి అప్పగించండి.

మన దేశంలో ఆయుధాల రిపేరుకు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. తనిఖీ వరకే మీది, రిపేరు లైసెన్సు ఉన్నవారిది.